లైబ్రరీ పీరియడ్ గురించి కూడా అడగండి

పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు చేతికి తీసుకున్నాక తల్లిదండ్రులు మమ్మల్ని ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. మ్యాథ్స్‌లో మార్కులు ఎందుకు తగ్గాయి? ఇంగ్లిష్ గడగడా ఎప్పుడు మాట్లాడతాడు? రెండూ అడగాల్సినవే. కానీ ‘ఈ నెల మా పాప లైబ్రరీ నుంచి ఏ పుస్తకం తెచ్చుకుంది?’ అని అడిగేవారు చాలా అరుదు. ఇంగ్లిష్ టీచర్‌గా నా అభిప్రాయం చెబుతాను. ఈ మూడో ప్రశ్న అడగడం మొదలుపెడితే మొదటి రెండింటి గురించి మీకున్న బెంగ చాలావరకు తగ్గుతుంది.

తెలుగులో ‘రైలుబడి’గా వచ్చిన పుస్తకం మీలో కొందరు చదివే ఉంటారు. జపాన్ రచయిత్రి టెట్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన ఈ పుస్తకం 1981లో వచ్చింది. టోక్యోలోని ఆ బడిలో పాత రైలు పెట్టెలే తరగతి గదులు. ఒకసారి ఇంకో పెట్టె వస్తోందని పిల్లలకు తెలుస్తుంది. పట్టాలు లేని చోటికి అది ఎలా వస్తుందో చూడాల్సిందేనని పట్టుబడతారు. హెడ్మాస్టర్ కొబయాషి కాదనలేదు. ఇంట్లో చెప్పి, దుప్పట్లు తెచ్చుకుని రాత్రికి బడిలోనే పడుకోమన్నారు. అలా వచ్చిన ఆ పెట్టె లైబ్రరీ అయింది. ఏ తరగతి పిల్లలైనా ఏ పుస్తకమైనా చదవొచ్చు, ఇంటికీ తీసుకెళ్లొచ్చు. ఆయన పెట్టిన నియమం అంతే.

పెద్దపల్లి, మంచిర్యాల స్టేషన్లలో రైళ్లు ఎక్కిన మన పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి. మన స్కూల్‌కూ ఒక పెట్టె తెద్దాం అంటారు. లోపల ఫ్యాన్లు ఉంటాయా, పై బెర్త్ ఎవరిది అని వాదించుకుంటారు. ఊహ అంటే ఇదే. సెల్‌ఫోన్‌లో వీడియో చూసేటప్పుడు బొమ్మ ఎవరో గీసి ఇస్తారు. పుస్తకంలో అక్షరాలే ఉంటాయి కాబట్టి బొమ్మ పిల్లలే గీసుకోవాలి. ఆ పని అలవాటైన బుర్రకు లెక్కల్లో వచ్చే రాత ప్రశ్న కూడా కళ్ల ముందు కనిపిస్తుంది.

‘వానాకాలం’ గురించి రాయమంటే ఐదో తరగతిలో చాలా నోటుబుక్కుల్లో ఒకే వ్యాసం కనిపిస్తుంది. అది గైడ్‌లోది. తప్పులుండవు, అందులో ఆ పిల్లలూ ఉండరు. ఒక పాప మాత్రం, వాన పడితే ఐకేపీ సెంటర్‌లో తాత వడ్లు తడుస్తాయని, అందుకే తనకు వాన నచ్చదని రాసింది. గ్రామర్ తప్పులు మూడు ఉన్నాయి. అవి వారంలో దిద్దుకోవచ్చు. సొంతంగా చెప్పడానికి మనసులో ఒక మాట ఉండటం మాత్రం ట్యూషన్‌తో వచ్చేది కాదు. ఆ పాప వారం వారం లైబ్రరీ పుస్తకం ఇంటికి తీసుకెళ్లే పిల్ల.

తెలుగు కథలు చదివితే ఇంగ్లిష్ పాడవుతుందన్న భయం కొందరిలో ఉంది. మన దగ్గరి ఉదాహరణే చూద్దాం. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు చదువుకున్నది ఉర్దూ మీడియంలో. తెలుగు కవిగా 1988 జ్ఞానపీఠ్ అందుకున్నారు. బడి ఒక భాషలో, ఇష్టంగా చదివేది ఇంకో భాషలో ఉంటే నష్టమేమీ లేదు. కథ వెంట పరుగెత్తడం ఒక భాషలో అలవాటైతే రెండో భాషలోకీ ఆ అలవాటే తీసుకెళ్తుంది.

పిల్లల పుస్తకాలు ఎక్కడినుంచో తెప్పించాల్సిన పని కూడా లేదు. మెట్‌పల్లి ప్రాంతానికి చెందిన వాసాల నరసయ్య గారికి 2017లో, సిరిసిల్లకు చెందిన పత్తిపాక మోహన్ గారికి 2022లో సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారాలు వచ్చాయి. కాగితం తయారయ్యే కాగజ్‌నగర్ మన ఉమ్మడి ఆదిలాబాద్‌లోనే ఉంది. అంత దగ్గర్లో ఉన్న కాగితం మన పిల్లల చేతికి గైడ్లుగా, టెస్ట్ పేపర్లుగా మాత్రమే చేరితే ఎలా?

మా వైపు లోటు కూడా చెప్పాలి. పరీక్షలు దగ్గరపడితే ఏ స్కూల్‌లోనైనా ముందుగా పోయేది లైబ్రరీ పీరియడే. రివిజన్ ఆగితే తల్లిదండ్రులు అడుగుతారు, లైబ్రరీ ఆగితే ఎవరూ అడగరు. అందుకే అది పోతుంది. ఫీజు కట్టే మీకు ఆ పీరియడ్ గురించి అడిగే హక్కు ఉంది. మీరు అడిగితే దాన్ని నిలబెట్టుకోవడం మాలాంటి టీచర్లకూ సులువవుతుంది.

ఇంట్లో చేయాల్సింది కొంచెమే. రాత్రి భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు ఇంట్లో ఫోన్లన్నీ పక్కన పెట్టండి, మీవి కూడా. ‘ఇది చిన్న తరగతి పుస్తకం కదా’ అని లాక్కోకండి. చదివాక ‘నీతి ఏమిటి?’ అని ప్రశ్నలు వేయకండి. కథ చెబితే వినండి, చెప్పకపోతే వదిలేయండి. మీరు చిన్నప్పుడు చదివిన చందమామలో గుర్తున్న ఒక బేతాళ కథ చెప్పండి, విక్రమార్కుడు మౌనం వీడేచోట ఆపేసి ‘రేపు చెబుతా’ అనండి. మర్నాడు ఫోన్ కంటే ముందు మీ దగ్గరికే వస్తారు.