చిన్న రేడియోకు పాత సినిమా పాట కాదు, పాత పద్యమే బలం

పాత పాటలంటే చెవి కోసుకునేవారు ఊరూరా ఉన్నారు. చిన్న రేడియో కేంద్రం ఒకటి పెట్టుకుని ఆ పాటలను నలుగురికీ వినిపించాలన్న సరదా వారిలో కొందరికి ఉంటుంది. సరదా మంచిదే. అయితే ఏ పాత పాటలు వినిపించాలన్నది ముందే తేల్చుకోవలసిన సంగతి. పాత సినిమా పాటలా? లేక గ్రామఫోను కాలంనాటి నాటక పద్యాలు, హరికథలు, బుర్రకథలా? చిన్న కేంద్రానికి రెండవదే అన్నివిధాలా తగినది.

ఈ సరదా మనకు కొత్త కాదు. 1924లో మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి, ఆయన మిత్రులు కలిసి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు స్థాపించారు. 40 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటరుతో ప్రసారాలు మొదలుపెట్టారు. డబ్బు చాలక 1927లో ఆపేశారు. తర్వాత 1930లో మద్రాసు కార్పొరేషను ఆ పని చేపట్టింది. హైదరాబాదులోనూ అంతే. తపాలా శాఖలో పనిచేసిన మహబూబ్ అలీ 1930ల మొదట్లో సొంతంగా పెట్టుకున్న 200 వాట్ల కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. అదే దక్కన్ రేడియో. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది.

నేడు ఒక వ్యక్తి సరదా కొద్దీ సొంతంగా ఎఫ్.ఎం. ప్రసారం చేయడానికి చట్టం ఒప్పుకోదు. హామ్ రేడియో లైసెన్సు ఉన్నవారు కూడా పాటలు వేయకూడదు. దారి లేకపోలేదు. 2006లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనిటీ రేడియో విధానం ప్రకారం లాభాపేక్ష లేని స్వచ్ఛంద సంస్థలు, విద్యాసంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాలు అనుమతి పొందవచ్చు. కనుక సరదా గల నలుగురూ ఇలాంటి సంస్థతో చేయి కలపాలి. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతంలోని మాచునూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో ఇందుకు మంచి ఉదాహరణ. సేద్యం చేసుకునే దళిత మహిళలే తమ యాసలో తమ విత్తనాల గురించి, తమ పాటల గురించి ప్రసారం చేశారు.

ఇటువంటి కేంద్రాలకు 2006 నాటి విధానం ఇచ్చిన శక్తి 100 వాట్లు. దాని గొంతు సుమారు పది కిలోమీటర్ల లోపు ఊళ్లకు అందుతుంది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలన్నది కూడా ఆ విధానంలోని నియమమే. చుట్టూ ఉన్న పదిహేను, ఇరవై ఊళ్లకు పనికొచ్చేది వినిపించడమే ఈ రేడియో ధర్మం. పాత సినిమా పాటలు ఇప్పుడు ప్రతివారి సెల్‌ఫోనులోనూ ఉన్నాయి. కావలసినప్పుడు కావలసిన పాట వినే వీలుండగా, దాని కోసం రేడియో ముందు ఎవరు కూర్చుంటారు? తమ ఊరి నటుడు పాడిన రాయబారం పద్యమో, పక్క ఊరి దళం చెప్పిన బుర్రకథో వేస్తే కూర్చుంటారు. అది ఇంకెక్కడా దొరకదు.

హక్కుల చిక్కు కూడా ఆలోచించాలి. మన దేశ చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1960లో వచ్చిన ప్లేటుపై హక్కు 2020 డిసెంబరుతో తీరిపోయింది. అయితే రచనకు, బాణీకి లెక్క వేరు. వాటి హక్కు కర్త మరణించాక 60 ఏళ్ల దాకా సాగుతుంది. ఘంటసాల 1974లో కన్నుమూశారు. కాబట్టి ఆయన కట్టిన బాణీల హక్కు 2034 ఆఖరు వరకు ఉంటుంది. 1950ల నాటి సినిమా పాటైనా ఊరికే వేసుకోవడానికి లేదన్నమాట. అదే తిరుపతి వేంకట కవుల భారత నాటకాల సంగతి చూడండి. జంట కవుల్లో చివరివారైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో మరణించారు. 2010తో ఆ పద్యాల హక్కు ముగిసింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1945లోనే కీర్తిశేషులైనారు. ఆయన రచనల హక్కు 2005తోనే తీరింది. చందాలతో నడిచే కేంద్రానికి ఇది చిన్న లాభం కాదు.

ప్రసారం తీరు కూడా ఈ ఎంపికకే అనుకూలంగా ఉంది. స్టీరియో ప్రసారం శుభ్రంగా వినబడాలంటే సిగ్నలు బలంగా ఉండాలి. అదే శక్తితో మోనోలో పంపితే దూరపు ఊళ్లలోనూ గరగర తగ్గి గొంతు నిలకడగా వినబడుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు అన్నీ మోనో రికార్డులే. కనుక మోనోలో పంపినందువల్ల వాటికి పోయేదేమీ లేదు.

పద్యాలు, హరికథలు వేస్తే కుర్రకారు వినరని కొందరు అంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. 1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలను బాగా తగ్గించారు. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధభారతిని ప్రారంభించవలసి వచ్చింది. సినిమా పాటను వెలివేయమని ఇక్కడ ఎవరూ అనడం లేదు. హక్కుదారుల అనుమతి తీసుకుని రోజుకొక గంట వేయవచ్చు. కానీ కేంద్రానికి పేరు తెచ్చేది ఆ గంట కాదు. ఇక కుర్రకారు మాటంటారా, వారి తాత పాడిన పద్యం రేడియోలో వస్తే వారే నలుగురినీ పిలిచి వినిపిస్తారు.

ఈ పని ఆలస్యం చేయతగదు. కుక్కబొమ్మ ప్లేట్లు ఎన్నో ఇళ్లలో అటకల మీద పడి ఉన్నాయి. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు అవి పాతసామాన్ల బండి ఎక్కుతున్నాయి. 1980ల నాటి కేసెట్లు చెమ్మకు బూజు పడుతున్నాయి. ప్లేట్లకు నకలు తీసేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. 78 ప్లేటు గాడి వెడల్పయినది. దానికి ఎల్.పి. సూది కన్నా దాదాపు మూడింతల లావు సూది కావాలి. తుడవడానికి స్పిరిటు ముట్టరాదు. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి. చెక్క పాలిషుకు లక్కను కరిగించేది స్పిరిటే కదా! మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, కంప్యూటరులోకి ఒకసారి ఎక్కించి, తర్వాత ఆ నకలునే ప్రసారం చేయాలి. రోజూ సూది పెడితే ప్లేటు అరిగిపోతుంది.

ఊళ్లలో సొంతంగా రికార్డు చేసుకున్న బుర్రకథలు, ఒగ్గుకథలు, స్త్రీల పాటల విషయంలో పాడినవారి నుంచి గానీ వారి వారసుల నుంచి గానీ రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ప్రతి పాటకూ పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం చెప్పి మరీ వినిపించాలి. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్నట్లు ఇన్నాళ్లూ చూసిన కళాకారుడికి ఆ పాటి గౌరవమైనా దక్కాలి.

రేడియో కేంద్రానికి దరఖాస్తు పెట్టదలచిన సంస్థలు ట్రాన్స్‌మిటరు ధర వాకబు చేయడానికి ముందే ఇల్లిల్లూ తిరిగి ప్లేట్లు, కేసెట్లు సేకరించాలి. పద్యం వచ్చిన వృద్ధుల గొంతులను వెంటనే రికార్డు చేయాలి. అనుమతి రావడానికి నెలలు పట్టవచ్చు, యంత్రం వచ్చే ఏడాది కొనవచ్చు. ఎనభై ఏళ్ల నటుడి గొంతు వచ్చే ఏటి దాకా ఆగుతుందన్న భరోసా లేదు.