హంతకుణ్ణి శ్రోతలే పట్టాలి

అపరాధ పరిశోధన కథ రాసేవారికి ఒక చిక్కు ఉంది. హంతకుడెవరో వారికి మొదటి పేజీ నుంచే తెలుసు. పద్యం రాసినవాడు దాన్ని తానే చదువుకుని లోపం పట్టుకోగలడు. డిటెక్టివ్ కథకు ఆ వీలు లేదు. కథ తెలియనివారికి చదివి వినిపిస్తే తప్ప ముడి బిగిసిందో, వదులుగా ఉందో తేలదు. పల్లెల్లో ఒంటరిగా నోటు పుస్తకాలు నింపుతున్న యువతీ యువకులు ఈ సంగతి గమనించాలి.

ఈ నవలలపై గ్రామాలకున్న మక్కువ ఈనాటిది కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు, ఆ తర్వాత మధుబాబు షాడో అద్దె పుస్తకాల దుకాణాల నుంచి చేతులు మారుతూ అట్టలు ఊడేదాకా తిరిగారు. అయినా సాహిత్య సభల్లో ఈ నవలకు పీట వేసిన సందర్భాలు తక్కువ. చదివే ఆసక్తి ఇంటింటా ఉన్నా రాయడం నేర్చుకునే చోటు లేకపోవడం శోచనీయం.

ఇంగ్లండు రచయితలు ఆ చోటును తామే కల్పించుకున్నారు. 1930లో లండన్‌లో ఏర్పడిన డిటెక్షన్ క్లబ్బుకు చెస్టర్టన్ తొలి అధ్యక్షుడు. అగాథా క్రిస్టీ, డొరొతీ సేయర్స్ అందులో సభ్యులు. కీలకమైన ఆధారాన్ని పాఠకుడి నుంచి దాచబోమని సభ్యులు ప్రమాణం చేసేవారు. 1931లో వారు కలిసి 'ది ఫ్లోటింగ్ అడ్మిరల్' అనే నవల రాశారు. ఒకరు వేసిన ముడిని మరొకరు అందుకుంటూ అధ్యాయాలు పంచుకున్నారు. మొదటి రెండు అధ్యాయాలు మినహా తక్కినవి రాసినవారు, నేరస్థుడెవరని తాము భావిస్తున్నారో ఆ పరిష్కారం కూడా రాసి ఇవ్వాలన్నది షరతు. ఊరికే ముడులు వేసి పక్కవాడి నెత్తిన పడేసే వీలు లేదన్నమాట!

మన శాఖా గ్రంథాలయాల్లో నెలకొక సాయంత్రం ఇటువంటి కూటమి జరగడం వాంఛనీయం. 1960 నాటి చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను గ్రామస్థులు చెల్లిస్తున్నదే. కథను ముగింపు ముందు దాకా చదివి ఆపాలి. విన్నవారంతా దోషి పేరు చీటీపై రాసి ఇవ్వాలి. అందరూ ఒకే పేరు సరిగ్గా రాస్తే ముడి పలచన. ఒక్కరూ పట్టలేక, ముగింపు విన్నాక మోసపోయామని గొణిగితే ఆధారాలు సరిగా నాటలేదని అర్థం. "అయ్యో, ముందే తట్టలేదే" అనిపిస్తే కథ పండినట్టు.

పల్లె శ్రోతలు మామూలు పరీక్షకులు కారు. నడి వేసవిలో డెల్టా కాలువలో శవం కొట్టుకువచ్చిందని రాస్తే, కాలువలు కట్టేసిన నెలలో నీళ్లెక్కడివని రైతు అడుగుతాడు. 1990లో జరిగిన కథలో కరణం పంచనామాకు వస్తే, ఆ పదవులు 1984లోనే రద్దయ్యాయని పెద్దలు గుర్తుచేస్తారు. హత్యకు 302 సెక్షన్ అని రాయడం అలవాటే. కానీ 2024 జూలై 1 నుంచి జరిగిన హత్యలకు వర్తించేది భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్. రిటైరైన కానిస్టేబుల్ ఒకరు కూటమిలో ఉంటే ఇలాంటి పొరపాట్లు అక్కడే సరిపోతాయి. దేవత కలలో కనపడి హంతకుడి పేరు చెప్పే కథలను పిల్లలు కూడా ఒప్పుకోరు.

నేరాల కథలు కుర్రకారును చెడగొడతాయన్న అభ్యంతరం రావచ్చు. సాక్ష్యం లేనిదే ఎవరినీ దోషి అనరాదని ఊరంతా కూర్చుని వాదించుకునే చోట చెడిపోయేది ఏముంటుంది? చాటుమాటు పుకారుతో మనిషిని దోషిని చేసే అలవాటే అంతకన్న హాని.

ఇందుకు ప్రత్యేక నిధులు అక్కరలేదు. జిల్లా గ్రంథాలయ సంస్థ అనుమతి, పాతిక కుర్చీలు, చీటీలకు కాగితం చాలు. చివరి అధ్యాయాన్ని మాత్రం చీటీలన్నీ చేతికందేదాకా గ్రంథపాలకులు బీరువాలో పెట్టి తాళం వేయాలి.