కొల్లేటికో గది

మన ఇళ్ల గోడల మీద మనుషులకు చోటుంది. దండ వేసిన తాతగారి ఫోటో, పెళ్లినాటి ఫోటో, అభిమాన నాయకుడి పటం లేని ఇల్లు కొల్లేటి ఒడ్డున మన కైకలూరులో అరుదు. ఊరి చుట్టూ ఉన్న నీళ్లకు, గట్లకు, కిక్కిసకు, గూడబాతులకు ఆ గోడ మీద చోటు దొరకలేదు.

అమెరికాలోనూ మొదట ముఖాలదే రాజ్యం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అక్కడి చిత్రకారులకు కూడు పెట్టింది ముఖచిత్రాలే. 1796లో గిల్బర్ట్ స్టూవర్ట్ మొదలుపెట్టి, పూర్తి చేయకుండా ఉంచేసిన వాషింగ్టన్ ముఖమే ఒక డాలరు నోటు మీది బొమ్మకు ఆధారం. తరవాతి తరం చూపు నేల మీదికి మళ్లింది. థామస్ కోల్ 1836లో వేసిన 'ది ఆక్స్‌బో' ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. కనెక్టికట్ నది మెలిక తిరిగే చోటు అది. ఎడమ పక్క గాలివానలో తడుస్తున్న అడవి, కుడి పక్క దున్ని సాగుచేసిన పొలాలు. ఏది మంచిదో కోల్ తేల్చలేదు. మార్పు జరుగుతుండగానే దాన్ని పట్టుకున్నాడు.

1871లో యెల్లోస్టోన్‌కు వెళ్లిన సర్వే బృందంలో చిత్రకారుడు థామస్ మొరాన్, ఫోటోగ్రాఫర్ విలియం హెన్రీ జాక్సన్ ఉన్నారు. వాళ్ల నీటిరంగుల చిత్రాలు, ఫోటోలు ఆ ప్రాంతాన్ని కాపాడాలని అమెరికన్ కాంగ్రెస్ సభ్యులను ఒప్పించడానికి సాయపడ్డాయి. 1872 మార్చి 1న యెల్లోస్టోన్ జాతీయ పార్కు అయింది. అదే ఏడు మొరాన్ వేసిన పెద్ద చిత్రాన్ని ప్రభుత్వం 10,000 డాలర్లకు కొన్నది. అయితే ఆ కాలపు ప్రకృతి చిత్రాలు చాలావాటిలో ఆదివాసులు కనపడరు, కనపడినా అలంకారంగానే. ఆ లోపం మనకు హెచ్చరిక.

నేలను గీసే ఈ దారి మనకు కొత్తదేమీ కాదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు కుంచె పట్టారు. రామారావు మనుషులనూ గీశాడు, గోదావరి సీమనూ గీశాడు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. ఆయన బొమ్మలు నేటికీ మనకు మిగిలాయంటే మిత్రులు, శిష్యులు వాటిని కాపాడి రాజమండ్రిలో ఆయన పేర చిత్రశాల నిలపడం వల్లే.

కోల్ పట్టుకున్నలాంటి మార్పే మన కొల్లేరు సరస్సులోనూ వేగంగా జరిగింది. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలుగా కోశాయి. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006 నాటికి ప్రభుత్వం చెరువు గట్లు కొట్టించింది. ఆ తరవాత మళ్లీ ఆక్రమణలు, మళ్లీ తగాదాలు. అభయారణ్యం హద్దుగా గీసిన ఐదో కాంటూరు గురించి కాగితాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఆ కాగితాలు నీటి రంగును చెప్పలేవు. దోనె మీద వల విసిరే మనిషి ముఖాన్నీ చూపలేవు.

2022లో ఏలూరు జిల్లా కొత్తగా ఏర్పడి కైకలూరు అందులో చేరింది. ఆ జిల్లా కేంద్రంలో కొల్లేటి చిత్రాలకు ఒక గది ఇమ్మని అధికారులను కోరుతున్నాం. అందులో లంక గ్రామాల జాలరులు, చెరువు రైతులు, ఐసు పెట్టెలు మోసే కూలీలు తమ పేర్లతో సహా ఉండాలి. డ్రాయింగు మాస్టార్లూ, ఈ చలికాలం పిల్లలను కొల్లేటి ఒడ్డున ఆటపాక గట్టు మీదికి తీసుకెళ్లండి. వాళ్లు వేసిన బొమ్మలు మాకు పంపండి. మంచివి మా పత్రిక అట్టమీద అచ్చువేస్తాం.