బొచ్చె చెరువులో గుడ్డు పెట్టదు

చెరువు మత్తడి దూకిందంటే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో మొదట పుట్టే మాట చేప పిల్లలు ఎప్పుడొస్తాయన్నదే. నీళ్లు నిండుగా ఉన్నాయి, నిరుటి చేపలు నాలుగు మిగిలే ఉన్నాయి, అవి పిల్లలు పెట్టవా, ఏటేటా సర్కారు వైపు చూడడమెందుకని అడిగేవారూ లేకపోలేదు. బొచ్చె సంగతి తెలిస్తే ఈ ప్రశ్న రాదు.

పెద్ద తల, పైకి తిరిగిన నోరు, మీసాలు లేని మూతి. నీటి పైపొరలో తేలే సన్న పురుగులే దీని మేత. రవ్వ నడిమి నీటిలో, మ్రిగాల అడుగున మేస్తాయి గనుక మూడింటినీ ఒకే చెరువులో వదిలినా పోట్లాట తక్కువ. మేత దొరికితే బొచ్చె ఏడాదిలో కిలో తూగుతుంది, రెండవ ఏట ఈడుకొస్తుంది. కాని కడుపు నిండా జన ఉన్నా నిలువ నీటిలో మాత్రం గుడ్డు విడవదు. దానికి పారే వరద కావాలి, ఆ వరద ఒడ్డు దాటి పరచుకున్న లోతులేని నీరు కావాలి. అక్కడ విడిచిన గుడ్డు ఒక పగలూ రాత్రీ గడిచేలోగానే పిల్ల అవుతుంది. పరదేశం నుంచి వచ్చిన బంగారు తీగ అలా కాదు. నాచుకో గడ్డికో గుడ్లంటించి చెరువులోనే సంతతి పెంచుకుంటుంది.

1957 జూలై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి చేప మెదడు కింది గ్రంథి రసాన్ని సూదిమందుగా వేసి కార్పు జాతి చేపలచేత నిలువ నీటిలోనే గుడ్లు పెట్టించారు. నేటి చేపపిల్లల కేంద్రాలన్నీ ఆ దారిన నడిచినవే. 2016లో రాష్ట్రంలో మొదలైన ఉచిత పంపిణీకీ మూలం అదే.

పంపిణీ మంచిదే, చిక్కంతా వేళతో. మన మెట్ట చెరువుల్లో చాలావరకు ఎండాకాలానికి అడుగంటుతాయి. దసరా దాటాక వదిలిన పిల్ల ఉగాదికి ఎంత తూగుతుంది? బొటనవేలంత లేని పిల్ల బొమ్మె చేపకో వాలుగకో ఫలహారమవుతుంది. చెరువులో సగం నీరు చేరగానే పిల్లలు రావాలి. సంఘం సభ్యుల ముందు, ఊరి ముందు లెక్కపెట్టి వదలాలి. ఏడాది పొడుగునా నీరుండే చోట్ల పెద్ద పిల్లలనే వదలాలి.

మిరుగం నాడు చేప తినడం మన ఆనవాయితీ. చెరువు బొచ్చెను తింటే నష్టమేమీ లేదు, అది ఎలాగూ అక్కడ గుడ్డు పెట్టదు. కృష్ణలో పట్టే చేప సంగతి వేరు. జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ ఆనకట్టలు ఎదురెక్కే దారిని ఇప్పటికే ముక్కలు చేశాయి. మిగిలిన పారుడు నీటిలో జనతో ఉన్న తల్లి చేపను పడితే లక్షల గుడ్లు పోయినట్లే. కొల్లాపూర్, సోమశిల వైపు వెనుక జలాల్లో నిషేధించిన అలివి వలలు దిగుతున్నాయన్న ఫిర్యాదులు ఏనాటివో. వేలెడు పిల్లను కూడా విడవని వల అది. ఎప్పుడో ఒకసారి వలలు పట్టి తగులబెట్టినంత మాత్రాన పని జరగదు. వరద రాకముందే, జూన్‌లోనే మత్స్యశాఖ పడవలు నీటిలో తిరగాలి. వల వేసిన కూలీతో సరిపెట్టక, వల కొనిచ్చిన వ్యాపారి మీదా కేసు పెట్టాలి.