మైదానం ఎవరిది? – 4: బిల్బావోకి ఊరుంది, బలరాంకి?



సూరారం నుంచి జీడిమెట్ల దాకా ఏ గల్లీలో చూసినా రియల్ మాడ్రిడ్, బార్సిలోనా జెర్సీలే. వేసుకోండి తమ్ముళ్లూ, తప్పేం లేదు. ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. 1955-56లో స్పెయిన్ లీగ్ ఎవరు గెలిచారు?

మాడ్రిడ్ కాదు. 1956 జూన్‌లో పారిస్‌లో మొదటి యూరోపియన్ కప్పు ఎత్తింది మాడ్రిడే. సొంత లీగ్‌లో మాత్రం మూడో స్థానం. రెండోది బార్సిలోనా. ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచింది బిల్బావో నగరపు క్లబ్. బాస్క్ నేల పిల్లలు తప్ప బయటివాళ్లు ఆడని క్లబ్ అది. ఫ్రాంకో నియంతృత్వంలో వాళ్ల భాషని అణచేశారు, క్లబ్ పేరు కూడా మార్పించారు. రెండేళ్ల తర్వాత, 1958 కప్ ఫైనల్లో అదే మాడ్రిడ్‌ని సొంత మైదానంలో 2-0తో ఓడించినప్పుడు ఆ జట్టుకి ఒక పేరు నిలిచిపోయింది: పదకొండు మంది పల్లెటూరోళ్లు. బిల్బావో ఆ పేరుని ఇవాల్టికీ గర్వంగా చెప్పుకుంటుంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. అవే సంవత్సరాలు.

సయ్యద్ అబ్దుల్ రహీం. ఫుట్‌బాల్ కోచ్ కాకముందు బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు తెచ్చింది. 1956లో, 1957లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టుకి కోచ్ రహీం సాబే. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, అందరూ ఈ ఊరి మైదానాల్లో పెరిగినవాళ్లే.

తులసీదాస్ బలరాంది సికింద్రాబాద్ అమ్ముగూడ. మన సూరారానికి ఎంత దూరమని? పేదింటి పిల్లగాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనోళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక, బూట్లు తప్పనిసరి అని పెద్దలు రూలు పెట్టారు. రూలైతే వచ్చింది. బూట్లు కొనే పైసలు ఎవరిస్తారు? బలరాం మొదటి బూట్లు, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో ఒక చెప్పులు కుట్టే ఆయన కుట్టిచ్చినవి. నేను చదివిన ఏ కథనంలోనూ ఆ కుట్టినాయన పేరు లేదు. ఒలింపిక్స్ దాకా నడిచిన పాదాల కింద మన చేతుల పని ఉంది. పేరు లేదు, ఫొటో లేదు. చరిత్ర రాసే చేతులు మనవి కాకపోతే ఇట్లనే ఉంటది.

అదే సీజన్‌లో ఇంకొకటి జరిగింది. 1955 నవంబర్‌లో ఫతే మైదాన్‌లో హైదరాబాద్ మొదటి టెస్ట్ మ్యాచ్, న్యూజిలాండ్ మీద. పాలీ ఉమ్రిగర్ 223 కొట్టాడు. క్రికెట్ మీద నాకు పగ లేదు. కానీ తర్వాత సర్కారు సొమ్ము, స్టేడియాలు, స్పాన్సర్లు ఎటు పోయాయో చూడండి. క్రికెట్‌కి ఉప్పల్‌లో కొత్త స్టేడియం లేచింది. ఫుట్‌బాల్‌కి పాత కప్పుల ముచ్చట్లు మిగిలాయి.

"జనానికే ఆసక్తి పోయింది" అంటారు. అబద్ధం. ఆ జెర్సీలు ఎవరివి మరి? ఫుట్‌బాల్‌కి కావాల్సింది ఒక బంతి, ఒక జాగ, ఆటగాడి పొయ్యి వెలిగేంత నౌకరీ. పోలీసు టీమ్ ఆ నౌకరీ ఇచ్చింది కాబట్టే పేదింటి పిల్లలు ఆటని నమ్ముకున్నారు. ఆ నౌకరీలు తగ్గాయి. జాగలు ప్లాట్లయ్యాయి. ఆసక్తి పోలేదు, ఆధారం తీసేశారు. బలరాం కూడా కలకత్తా పోయి అక్కడే బతికి, 2023లో అక్కడే కన్నుమూశాడు. 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ క్లబ్ 2025లో ఢిల్లీకి పోయింది. ఓనర్లకి ఊరు ఒక అడ్రస్. బిల్బావోకి ఊరే జట్టు.

మహద్ చెరువు దగ్గర 1927లో బాబాసాహెబ్ అడిగింది దయ కాదు, అందరిదైన దాంట్లో మన వాటా. మైదానం కూడా చెరువు లాంటిదే. మా దిక్కు పెద్ద అపార్ట్‌మెంట్ గేటు లోపల పచ్చగడ్డి ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు. ఆ వాచ్‌మన్ కొడుకు రోడ్డు మీద, కంపెనీ లారీల నడుమ ఆడుతుంటాడు. అంటరానితనం బోర్డు పెట్టుకుని రాదు తమ్ముళ్లూ. గేటు పెట్టుకుని వస్తది.

అందుకే చెప్తున్నా, మైదానం భూమి సమస్య. లేఅవుట్ పర్మిషన్ ఇచ్చేటప్పుడు అందరి కోసం ఖాళీ జాగ వదలాలన్న రూలు ఉంది. మీ బస్తీ చుట్టూ వదిలిన జాగ ఎంత, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? ఆర్టీఐ వేయండి. నక్షా తీయండి. సర్కారు బడి గ్రౌండ్లు సాయంత్రం పూట బస్తీ పిల్లలకి, ఆడపిల్లలకి కూడా, తెరవాలని అర్జీ పెట్టండి. ఇయ్యకపోతే బంతి పట్టుకుని గేటు ముందే ఆడుదాం.

జెర్సీ మీద ఎవరి పేరైనా ఉండనీ. కాళ్ల కింద నేల మాత్రం మనదై ఉండాలి.

వచ్చే భాగంలో: నక్షాలో మైదానం, నేల మీద వెంచర్. మీ బస్తీ లెక్కలు కామెంట్లలో పెట్టండి.

జై భీమ్.