దవాఖానా... విడదీస్తే రెండే!

చార్మినార్ అంటే ఏమిటని పాతబస్తీలో ఏ పిల్లాడిని అడిగినా తడుముకోడు. చార్ అంటే నాలుగు, మినార్ అంటే మినార్. మరి దవాఖానా? దవా అంటే మందు, ఖానా అంటే ఇల్లు. అదే పిల్లాడికి ఆసుపత్రిలో 'ఓటోరైనోలారింగాలజీ' అన్న మాట చూపించండి. నోరు తిరగక వెనక్కి తగ్గుతాడు!

నిజానికి ఇదీ చార్మినార్ లాంటిదే, నాలుగే ముక్కలు. ఓటో అంటే చెవి, రైనో ముక్కు, లారింగో గొంతు. చివరి లజీ అంటే శాస్త్రం. ముక్కు మీద కొమ్మున్న ఖడ్గమృగాన్ని 'రైనో' అంటున్నదీ అందుకే. కోఠిలో ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు చూపించుకునేది ఈ మూడింటినే.

మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికీ ఇలాంటి మాట ఒకటి ముడిపడి ఉంది. క్లోరోఫామ్! అక్కడ పనిచేసిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888, 1889ల్లో రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఈ మత్తుమందు ఎక్కువైతే ముందు ఆగేది గుండెా, ఊపిరా? ఊపిరేనని హైదరాబాద్ తేల్చింది, లండన్ 'లాన్సెట్' అచ్చువేసింది. గుండె కూడా ముందే ఆగిపోవచ్చని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి, అది వేరే కథ. ఆ పాత ఆసుపత్రి 1908 వరదలో పోయింది. ఇంతకీ ఆ పేరు విప్పితే ఏముంది? 'క్లోరో' గ్రీకువాళ్ల లేత ఆకుపచ్చ. 'ఫామ్' వెనక ఉన్నది... చీమ! లాటిన్‌లో చీమ ఫార్మికా. చీమల నుంచి తీసినది ఫార్మిక్ ఆమ్లం. ఆ చుట్టరికంతో వచ్చిందే ఈ ముక్క.

చదవడం వచ్చాక పలకడంలో మరో చిక్కు. తెలుగులో అక్షరాలన్నిటికీ దాదాపు సమాన మర్యాద. ఇంగ్లిష్‌లో ఒక్కదానికే పెద్దపీట, అదీ నిలకడగా ఉండదు. 'ఫొటోగ్రాఫ్'లో మొదటిదాన్ని ఒత్తుతారు, 'ఫొటోగ్రాఫర్'లో రెండోదాన్ని, 'ఫొటోగ్రాఫిక్'లో మూడోదాన్ని. ఫొటో విషయంలో తప్పినా నవ్వుకుని ఊరుకోవచ్చు. మందుల దగ్గర అలా కుదరదు.

'హైపర్‌గ్లైసీమియా', 'హైపోగ్లైసీమియా' విని చూడండి. రెండింట్లోనూ బలమంతా 'సీ' మీదే. ముందున్న 'హైపర్', 'హైపో' చెవిన పడీపడనట్టు జారిపోతాయి. తేడా అంతా అక్కడే ఉంది మరి! హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. గ్లైక్ అంటే తీపి, ఈమియా అంటే రక్తం. అనీమియాలో ఉన్నదీ ఈ ఈమియానే. రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణుకుతున్న మనిషికి, స్పృహ ఉంటే వెంటనే చక్కెర నీళ్లో పండ్లరసమో తాగించాలి. పెరిగినప్పుడు ఇస్తే అదే ముప్పు. ఇంగ్లిష్ దొరలు 'ర'ను మింగేస్తారు కాబట్టి వాళ్ల నోట ఈ రెండూ మరీ దగ్గరగా వినిపిస్తాయి. 'హైపర్' అని చివర గట్టిగా పలికే మన అలవాటే ఇక్కడ మేలు.

ఫోన్‌లో డాక్టరుగారు గబగబా చెప్పి పెట్టేసేలోపు ఒక్క మాట అడగడానికి మొహమాటపడొద్దు. "షుగర్ పెరిగిందాండీ, పడిపోయిందా?" పాతబస్తీ డాక్టరైతే, "జ్యాదా హై యా కమ్?"