నర్సు పెద్ద చదువు ‘ప్రొఫెషనల్’ కాదంట.. అసలు లొల్లి ఏంది?

‘అమెరికాల నర్సింగ్ ఇగ ప్రొఫెషనల్ డిగ్రీ కాదంట’ అని వాట్సాప్ గ్రూపులల్ల ఒక ముచ్చట తిరుగుతున్నది. బీఎస్సీ నర్సింగ్ చదువుకుంట అమెరికా పోవాలని ఆశ పెట్టుకున్న పిల్లలు అది చూసి పరేషాన్ అయితున్నరు. ముందుగాల ఒకటి సాఫ్ చేసుకుందాం. అక్కడ నర్సుల లైసెన్స్ పోలే, కొలువు పోలే. ఇది అప్పు లొల్లి. ఒక్క మాట మీద లక్ష డాలర్ల తేడా వస్తున్నది, గదీ సంగతి.

2025 జులై 4న ట్రంప్ సంతకం పెట్టిన ‘వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్’ చట్టం, గ్రాడ్ ప్లస్ అనే సర్కారు లోన్‌ను కొత్తోళ్లకు బంద్ పెట్టింది. డిగ్రీ అయినంక పై చదువు చదివేటోళ్లకు ఫీజు, తిండి, కిరాయి కలిపి ఎంతయితే అంత దాకా దొరికే అప్పు అది. 2026 జులై 1 నుంచి కొత్తగ చేరేటోళ్లకు రెండు హద్దులు పెట్టిండ్రు. మామూలు పీజీ అయితే ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం కలిపి 1,00,000. ప్రొఫెషనల్ డిగ్రీ అయితే ఏడాదికి 50,000, మొత్తం 2,00,000.

మరి ప్రొఫెషనల్ అంటే ఏంది? కొత్త చట్టం పాత రూల్స్‌ల ఉన్న నిర్వచనాన్నే పట్టుకున్నది. అండ్ల డాక్టర్, లాయర్, ఫార్మసీ, పండ్ల డాక్టర్, పశువుల డాక్టర్ అసోంటి పది చదువులను ఉదాహరణలుగ రాసిండ్రు. చర్చి పాస్టర్ల చదువు కూడ అండ్ల ఉన్నది. ‘ఇవే కాదు, ఇంకా ఉండొచ్చు’ అని కూడ ఆ రూల్లనే ఉన్నది. అయినా 2025 నవంబర్ల ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ పెట్టిన కమిటీ క్లినికల్ సైకాలజీ ఒక్కదాన్ని కలిపి, 11 కాడ గీత గీసింది. నర్సింగ్ గీత బయటనే ఉండిపోయింది.

రూల్ చెప్పే పరీక్షనే చూద్దాం. ఆ పని మొదలుపెట్టాల్నంటే ఆ డిగ్రీ ఉండాలె. బ్యాచిలర్ డిగ్రీని మించిన పనితనం ఉండాలె. మామూలుగ లైసెన్స్ కూడ కావాలె. రిజిస్టర్డ్ నర్సు అయ్యేందుకు బ్యాచిలర్ డిగ్రీ, అంతకంటె చిన్న డిగ్రీ ఉన్నా సరిపోతది కాబట్టి, పై చదువు అవసరం లేదని ఎవరన్న అనొచ్చు. కానీ నర్స్ ప్రాక్టీషనర్ సంగతి వేరే. రోగిని చూసి, జబ్బు ఏందో తేల్చి, మందులు రాసే పని అది. పీజీ లేనిదే ఆ పనిల అడుగు పెట్టనియ్యరు. ఆపరేషన్‌ల మత్తు ఇచ్చే నర్స్ అనెస్థటిస్ట్‌కైతే 2022 నుంచి కొత్తగ చేరేటోళ్లందరికి డాక్టరేట్ తప్పనిసరి అయింది. మూడు పరీక్షలు పాసైనోళ్లను లిస్టుల ఎందుకు పెట్టరు?

సర్కారు వాదన కూడ వినాలె. లోన్ ఎంతంటే అంత ఇస్తుంటే కాలేజీలు ఫీజులు పెంచుకుంట పోతయి, హద్దు పెడితే తగ్గిస్తయి అంటున్నరు. నర్సింగ్ చదివేటోళ్లల్ల 95 శాతం మంది అప్పు ఎట్లాగూ ఏడాది హద్దు లోపలే ఉంటదని డిపార్ట్‌మెంట్ లెక్క. అప్పుల భారం ముచ్చట అబద్ధం కాదు. కానీ ఫీజు తగ్గాల్సింది కాలేజీల, దెబ్బ ముందుగాల పడేది పిల్లల మీద. హద్దు దాటేది ఎవరు? ఖర్చెక్కువ కోర్సులల్ల ఉన్నోళ్లు. మత్తు చదువు మూడేండ్లు అనుకుంటే 61,500 డాలర్ల దాకనే సర్కారు అప్పు దొరుకుతది. ప్రొఫెషనల్ అంటే 1,50,000 దొరుకుతుండె. నడుమ తేడా 88,500. ఈ చదువుల నౌకరి చేసుకుంట చదువుడు కష్టం. ఇంట్ల పైసలున్నోళ్లు చదువుతరు, లేనోళ్లు ఎక్కువ మిత్తికి ప్రైవేట్ బ్యాంకు కాడికి పోతరు, లేకుంటే ఆశ వదులుకుంటరు.

దీని దెబ్బ పల్లెలకు తగులుతది. అమెరికాల సగానికి ఎక్కువ రాష్ట్రాలల్ల నర్స్ ప్రాక్టీషనర్లు డాక్టర్ మీద ఆధారపడకుంట వైద్యం చేయొచ్చు. డాక్టర్లు రాని ఊర్లల్ల దవాఖాన నడిపేది చాన చోట్ల వీళ్లే. నర్సింగ్ కాలేజీల పాఠం చెప్పేటోళ్లకు కూడ పీజీ కావాలె. చెప్పేటోళ్లు తగ్గితే సీట్లు తగ్గుతయి, సీట్లు తగ్గితే నర్సులు తగ్గుతరు.

ఇండ్ల ఒక తమాషా ఉన్నది. అదే సర్కారుల లేబర్ డిపార్ట్‌మెంట్‌కు ‘షెడ్యూల్ ఏ’ అని ఒక లిస్టు ఉన్నది. మనుషులు కరువైన కొలువుల లిస్టు అది. విదేశాల నుంచి నర్సులను తెచ్చుకునేతందుకు అండ్ల వాళ్లను రాసిన మాట ‘ప్రొఫెషనల్ నర్సులు’! పిలుచుకునేటప్పుడు ప్రొఫెషనల్, పైకి చదువుతా అంటే కాదా?

మన పిల్లలకు ఎంత వరకు తగులుతది? స్టూడెంట్ వీసా మీద పోయేటోళ్లకు ఈ సర్కారు లోన్లు ఎన్నడూ లేవు. ఎన్‌క్లెక్స్ రాసి నర్సుగ పోయేటోళ్ల కొలువుకు దీంతోని సంబంధం లేదు. కానీ గ్రీన్‌కార్డు చేతికొచ్చినంక ఆ లోన్లకు హక్కు ఉంటది. నర్స్ ప్రాక్టీషనర్ అయితా అనుకున్నోళ్లకు ఈ హద్దు అడ్డం వస్తది. ఆ లెక్క ఇప్పుడే వేసుకోవాలె.

అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ అడుగుతున్నది బిరుదు కాదు. ఆ రూల్ల ఉన్న పరీక్షను అందరికి ఒక్క తీరుగ పెట్టాలని. పాస్టర్ చదువుకు పనికొచ్చిన కొలత, ప్రాణం కాపాడే చదువుకు ఎందుకు పనికిరాదో సర్కారే జవాబు చెప్పాలె.